రొమ్ము క్యాన్సర్ చికిత్సలో రాత్రి చెమటలు, పెరిగే బరువు: విశాఖ ఆడవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు, ఎంవీపీ కాలనీలో ఉండే లెక్కల టీచర్ని. 46వ ఏట ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, 8 కీమోలు, 15 రోజుల రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు టామోక్సిఫెన్ మాత్ర నాలుగో ఏడు నడుస్తోంది. ఓపీ బయట బెంచీ మీద కూర్చున్నప్పుడూ, ఫోన్లలోనూ నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ రెంటి గురించే. జుట్టు ఊడుతుందని అందరూ ముందే చెబుతారు. రాత్రి రెండింటికి లేచి నైటీ పిండుకోవాల్సి వస్తుందని, ఆరు నెలల్లో జాకెట్లన్నీ కుట్లు విప్పించుకోవాల్సి వస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. కింద రాసిన మందుల పేర్లు మీ డాక్టరుతో మాట్లాడటానికి పనికొస్తాయి. మందుల షాపుకు వెళ్లి సొంతంగా కొనుక్కోవడానికి మాత్రం వాడకండి.

ఫ్యాన్ గిరగిర తిరుగుతూనే ఉంది, అయినా నడిరాత్రి పక్కంతా తడిసిపోతోంది. ఎందుకు?

ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉండేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చిన్న భాగం. ఈస్ట్రోజెన్ సరిపడా ఉన్నన్నాళ్లూ అది నిమ్మళంగా ఉంటుంది, వేడి కాస్త అటూ ఇటూ అయినా పట్టించుకోదు. ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతే దానికి ఓర్పు పోతుంది. రవ్వంత వేడి పెరిగినా ఇల్లు అంటుకున్నంత హడావుడి చేస్తుంది. చర్మం కింద రక్తనాళాలు తెరుచుకుంటాయి, గుండె దడదడలాడుతుంది, చెమట ధారగా కారుతుంది. కొద్ది నిమిషాల్లో వేడి దిగిపోయాక తడిబట్టల్లో వణుకు మొదలవుతుంది.

మన చికిత్సలో ఈస్ట్రోజెన్‌ను దెబ్బకొట్టేవి చాలానే ఉన్నాయి. కీమో అండాశయాల పని ఆపేస్తుంది. టామోక్సిఫెన్, కణంలో ఈస్ట్రోజెన్ కూర్చునే చోట తాను పోయి కూర్చుంటుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ మాత్రలు ముట్లుడిగిన వాళ్లలో ఈస్ట్రోజెన్ తయారీనే ఆపేస్తాయి. గోసెరెలిన్, ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్లు అండాశయాలను నిద్రపుచ్చుతాయి. మన అమ్మలకు ముట్లుడగడానికి నాలుగైదేళ్లు పట్టింది. మనకది కొన్ని వారాల్లో అయిపోతుంది, అందుకే ఇంత ఉధృతం.

వైజాగ్‌లో ఎండాకాలం అందరికీ చెమటే కదా. ఇది ఉక్కో, మందు వల్ల వచ్చిందో తెలిసేదెలా?

ఉక్క చెమట నెమ్మదిగా పట్టి అలాగే ఉండిపోతుంది, కరెంటు రాగానే తగ్గుతుంది. మందు వల్ల వచ్చే ఆవిరి (హాట్ ఫ్లాష్) అలా కాదు. ఛాతీ దగ్గర సెగ పుట్టి, మెడ మీదుగా ముఖానికి ఎగబాకుతుంది. దానికి ముందు అరనిమిషం ఏదో కంగారు, నిద్రలోనే దుప్పటి తన్నేయడం ఉంటాయి. జనవరి చలిలో కూడా వస్తుంది.

అయితే మన ఊళ్లో ఒక అదనపు ఇబ్బంది ఉంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు తేమ వల్ల ఇక్కడ చెమట ఆరదు, ఒంటికి అతుక్కుపోతుంది. హైదరాబాద్‌లో ఉండే మా పిన్ని కూతురు చెప్పిన చిట్కాలు సగం ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం అదే. ఆమె కూలర్ కొనమంది, కొన్నాను. తలుపులు మూసిన గదిలో ఆ కూలర్ ఇంకాస్త తేమ పోసి, రెండు రాత్రుల్లో నన్ను వరండాలోకి తరిమింది.

రాత్రి చెమట పడితే భయపడాల్సిన సందర్భం ఏదైనా ఉందా?

ఉంది. మిగతాదంతా వదిలేసినా ఈ ఒక్క జవాబు వదలకండి.

కీమో ఎక్కించిన తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల కణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో వచ్చే చెమట ఇన్‌ఫెక్షన్ జ్వరం దిగుతున్నప్పటి చెమట కావచ్చు. దిండు పక్కన డిజిటల్ థర్మామీటర్ పెట్టుకోండి. చెమట పట్టి లేచిన ప్రతిసారీ చూసుకోండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ, అంతకు పైన గానీ ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు. ముందే పారాసిటమాల్ మింగి జ్వరాన్ని దాచేయకూడదు. మీ ఆసుపత్రి ఇచ్చిన ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి బయల్దేరాలి. పాడేరు, అరకు, శ్రీకాకుళం వైపు నుంచి కీమోకు వచ్చేవాళ్లు దారిలో ఏ ఆసుపత్రిలో ఆగొచ్చో ముందే అడిగి పెట్టుకోవాలి. అక్కడ అడుగుపెట్టగానే చెప్పాల్సిన మాట ఒక్కటే: "కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది." సాధారణ జ్వరమనుకుని వరుసలో కూర్చోబెట్టకుండా ఆ మాటే కాపాడుతుంది.

జ్వరం లేకపోయినా వారాల తరబడి దగ్గు, తిన్నా బరువు తగ్గిపోవడం, చెమట మూడూ కలిస్తే టీబీ లాంటివి కూడా చూడాలి. థైరాయిడ్ ఎక్కువైనా చెమటలు పడతాయి. అది ఒక్క రక్త పరీక్షతో తేలిపోతుంది.

సరే, రాత్రికి ఏం చేయాలి? గదిలో ఏం మార్చుకోవాలి?

నేను చేసింది చెబుతాను. మంచం పక్కన ఒక కుర్చీ. దాని వీపు మీద మూడు పాత నూలు నైటీలు, ఒక తువాలు. కుర్చీ మీద నీళ్ల ఫ్లాస్కు, థర్మామీటర్. చెమట పట్టి లేవగానే లైటు వేయకుండా, బీరువా తెరవకుండా, కూర్చున్న చోటే బట్ట మార్చుకుని పడుకోవాలి. లైటు వేశామా, ఇక నిద్ర తెల్లారి నాలుగింటి దాకా రాదు. ఆవిరి వచ్చిపోవడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. రాత్రంతా పాడయ్యేది ఆ తర్వాత జరిగే లైట్లు, వెతుకులాట, ఫోన్ చూడటం వల్ల.

పక్క మీద సింథటిక్ దుప్పట్లు, రెక్సిన్ కవర్లు తీసేయండి. ఫోమ్ పరుపు వేడిని పట్టి ఉంచుతుంది. దూది పరుపు ఉంటే అదే మేలు. ఫోమ్ పరుపే ఉంటే దాని మీద పాత నేతచీర నాలుగు మడతలు పెట్టి పరచండి. తడిస్తే పై మడత తిప్పేసుకోవచ్చు, పొద్దున్నే పిండి ఆరేస్తే మధ్యాహ్నానికి ఆరిపోతుంది. దోమతెర గాలిని ఆపుతుంది గానీ మన దోమలకు అది మానలేం, కాబట్టి తెర లోపలికి గాలి కొట్టేలా కాళ్ల వైపు ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టండి.

ఏసీ ఉంటే డ్రై మోడ్ అని ఒకటి ఉంటుంది, చూడండి. మన ఊళ్లో ముందు తగ్గాల్సింది తేమ. 26 డిగ్రీల మీద పెట్టి ఫ్యాన్ కూడా తిప్పితే 20 మీద పెట్టి వణకాల్సిన పని లేదు.

పడుకునే ముందు వేడినీళ్ల స్నానం, రాత్రి కాఫీ, మసాలా కూర కొందరికి ఆవిర్లను రేపుతాయి. అందరికీ కాదు. నాకు కాఫీ ఏమీ చేయలేదు, రాత్రి ఎనిమిది దాటాక తిన్న వేడివేడి ఉప్మా మాత్రం చేసేది. మీకేది పడదో రెండు వారాలు రాసుకుంటే మీకే తెలుస్తుంది.

మాకు ఏసీ లేదు, ఇల్లంతా ఒకే గది. మరి?

తడి తువాలు మెడ వెనక, మణికట్ల మీద. కాళ్లు దుప్పటి బయట. పక్క కిటికీ వైపుకు జరపండి. మేడ మీది గది అయితే మధ్యాహ్నమంతా స్లాబ్ వేడెక్కి రాత్రంతా వదులుతుంది, కాబట్టి సాయంత్రం స్లాబ్ మీద నీళ్లు చల్లించండి. ఈ ఆరు నెలలు కింది వాటాలో మీరు పడుకుంటామంటే ఎవరూ కాదనరు, అడగడమే మనకు మొహమాటం.

ఆవిర్లకు మందులే లేవా? "ఇవన్నీ మామూలేనమ్మా" అని పంపేశారు.

నన్నూ అలాగే పంపారు. ఓపీలో నా ముందు నలభై మంది, వెనక నలభై మంది. "చెమటలు పడుతున్నాయండీ" అంటే ఏం చెబుతారు? ఆ తర్వాతి నెల మాట మార్చాను. "రాత్రికి ఐదుసార్లు లేస్తున్నాను, మూడుసార్లు బట్టలు మారుస్తున్నాను, పదిహేను రోజులుగా వరసగా మూడు గంటలు నిద్రపోలేదు" అన్నాను. అప్పుడు పెన్ను కింద పెట్టి నా ముఖం చూశారు. లెక్క చెప్పండి, మందు వస్తుంది.

హార్మోన్ లేని మందులు చాలానే ఉన్నాయి. వెన్లాఫాక్సిన్ తక్కువ మోతాదులో ఇస్తారు, ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. అది మామూలుగా డిప్రెషన్‌కు వాడే మందు. మా ఆయన డబ్బా మీది కాగితం చదివి, "నీకు పిచ్చి మందు రాశారేంటి?" అని కంగారు పడ్డారు. అదే మందు మెదడులోని ఆ వేడి మీట మీద కూడా పనిచేస్తుంది, అంతే. దాన్ని ఒక్కసారిగా మానేయకూడదు, మెల్లగా తగ్గించాలి. రాత్రి చెమటలు ఎక్కువగా ఉన్నవాళ్లకు గాబాపెంటిన్ పడుకునే ముందు ఇస్తారు. నిద్ర కూడా పడుతుంది గానీ పొద్దున్న తల తిరగొచ్చు, కొందరిలో పాదాల వాపు, బరువు పెరగడం ఉంటాయి. ఆక్సీబ్యుటినిన్ నోరు ఎండబెడుతుంది, మలబద్ధకం చేస్తుంది. క్లోనిడిన్ బీపీ తగ్గిస్తుంది. మెదడులోని ఆ మీటనే నేరుగా పట్టుకునే ఎలింజనెటాంట్ అనే కొత్త మందుకు 2025లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ లాంటి, ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే మాత్రలు వాడుతున్న ఆడవాళ్ల మీద కూడా దాన్ని పరీక్షించి చూశారు.

ఒక్క హెచ్చరిక. మీరు వాడుతున్నది టామోక్సిఫెన్ అయితే పారోక్సెటిన్, ఫ్లూఓక్సెటిన్ అనే మందులు పడవు. టామోక్సిఫెన్‌ను కాలేయంలోని ఒక ఎంజైమ్ అసలు పనిచేసే రూపంలోకి మారుస్తుంది. ఈ రెండూ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. టెన్షన్‌కనో నిద్రకనో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు టామోక్సిఫెన్ వాడుతున్నామని ముందే చెప్పాలి.

మాత్రలు వద్దనుకునేవాళ్లకు సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి ఉంది. ఆవిర్లు అన్నే వచ్చినా వాటి వల్ల పడే బాధ, నిద్రలేమి తగ్గుతాయని ట్రయల్స్‌లో తేలింది.

గైనకాలజిస్టు హార్మోన్ మాత్రలు ఇస్తే ఆవిర్లు ఇట్టే పోతాయట కదా?

పోతాయి. కానీ మనకు అవి వద్దు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లకు హార్మోన్లు ఇచ్చి చూసిన హాబిట్స్ అనే ట్రయల్‌ను, వాడినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువైందని 2003లో మధ్యలోనే ఆపేశారు.

శతావరి, అశ్వగంధ, సోయా మాత్రలు? పసుపు?

సోయా గింజలు, మీల్‌మేకర్ కూరగా తింటే పర్వాలేదు. సోయా సారంతో చేసిన మాత్రలు వేరు, వాటిలో ఈస్ట్రోజెన్ లాంటి పదార్థం గాఢంగా ఉంటుంది, అవి వద్దు. శతావరి కూడా ఆ కోవదే. అశ్వగంధ థైరాయిడ్‌ను, కాలేయాన్ని కదిలించగలదు, డాక్టరుకు తెలియకుండా వేసుకోకండి. కూరలో పసుపుకు ఏ ఇబ్బందీ లేదు. మిరియాల సారం కలిపి అమ్మే కర్కుమిన్ మాత్రలు టామోక్సిఫెన్ మోతాదును రక్తంలో తగ్గిస్తాయి. ఇంకొకటి ఎవరూ చెప్పరు: పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ అనే రొమ్ము క్యాన్సర్ మాత్రలు వాడేవాళ్లు పంపరపనస తినకూడదు. గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టం అది, రక్తంలో ఆ మందును పెంచేస్తుంది.

భరించలేక నెల రోజులు మాత్ర ఆపేశాను, ఆవిర్లు తగ్గాయి. డాక్టరుకు చెప్పాలా?

చెప్పాలి. తిట్టినా చెప్పాలి. టామోక్సిఫెన్ 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు ఇచ్చేది జబ్బు తిరగబెట్టకుండా ఉండటానికి. మీరు చెప్పకపోతే మందు పడుతోందనుకునే ముందుకు వెళ్తారు. చెబితే చేయడానికి చాలా దారులున్నాయి. మాత్ర వేసుకునే వేళ మార్చి చూడొచ్చు, ఆవిర్లకు మందు జోడించొచ్చు, కొన్నాళ్లు విరామమిచ్చి వేరే మందుకు మార్చొచ్చు. మొదటి కొన్ని నెలల్లో ఉధృతంగా ఉండి తర్వాత తగ్గేవాళ్లూ చాలామంది ఉన్నారు. నాకు ఎనిమిదో నెలలో సగానికి పడ్డాయి.

నాకు చెమటలే లేవు. అంటే మందు పనిచేయడం లేదా?

అలా ఏమీ లేదు. హాయిగా నిద్రపోండి.

నెలసరి ఆగిపోయింది కదా, ఇక గర్భం భయం లేనట్టేనా?

ఉన్నట్టే. చిన్న వయసు వాళ్లలో అండం విడుదల కావచ్చు, టామోక్సిఫెన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. గర్భనిరోధక మాత్రలు మనకు పడవు, కండోమ్ గానీ కాపర్ టీ గానీ అడగండి. ఆగిన నెలసరి మధ్యలో ఎర్రబట్ట కనిపిస్తే వెంటనే చూపించుకోండి.

మా ఆవిడ రాత్రి ఫ్యాన్ ఐదు మీద పెడుతుంది, నాకేమో చలి. నేనేం చేయాలండీ?

దుప్పటి కప్పుకోండి. నవ్వుతూనే అంటున్నాను గానీ ఈ ప్రశ్న మగవాళ్లు నిజంగానే అడుగుతారు, అడిగినందుకు మంచిదే. మంచాలు వేరు చేసుకుంటే తప్పేం లేదు. ఫ్లాస్కులో నీళ్లు నింపడం, తడిసిన దుప్పటి పొద్దున్నే మీరే నానబెట్టడం చేస్తే చాలు. "నీకు మళ్లీ మొదలైందా?" అని మాత్రం అనకండి.

వాంతులకు ఏమీ తినలేకపోతున్నాను, అయినా బరువు పెరుగుతోంది. ఎలా?

క్యాన్సరంటే చిక్కిపోతారని మన సినిమాలు నేర్పాయి. రొమ్ము క్యాన్సర్ కీమోలో మాత్రం సగటున రెండు మూడు కిలోలు పెరుగుతారు. నా ఫైలులో మొదటి కీమో నాడు 58 కిలోలు, ఎనిమిదో దానికి 63.5.

కారణాలు ఒకటి కాదు. పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ లాంటివి ఎక్కించే ముందు రియాక్షన్ రాకుండా, వాంతులు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. ఆ రెండు మూడు రోజులు నిద్ర ఉండదు, ఆకలి మాత్రం ఊరుకోనివ్వదు. రాత్రి పన్నెండింటికి డబ్బాలు తీసి కారప్పూస తిన్న రోజులు నాకు గుర్తున్నాయి. కడుపులో వికారం ఏదో ఒకటి నములుతుంటే సర్దుకుంటుంది కాబట్టి బిస్కెట్లు, రస్కులు వెళ్తూనే ఉంటాయి. నీరసానికి నడక ఆగిపోతుంది. ఈస్ట్రోజెన్ పడిపోవడంతో, కదలిక లేకపోవడంతో కండ కరుగుతుంది, దాని చోట కొవ్వు చేరుతుంది. అందుకే తూకంలో మూడు కిలోలే పెరిగినా జాకెట్ చేతులు వదులై, పొట్ట దగ్గర చీర కుచ్చిళ్లు నిలవవు. రాత్రి నిద్ర లేకపోతే మర్నాడు తీపి మీదికి మనసు పోతుంది. చెమటలూ బరువూ ఇక్కడే ముడిపడి ఉన్నాయి. తగ్గాల్సిన బరువు తగ్గినవాళ్లలో ఆవిర్లు కూడా తగ్గడం పరిశోధనల్లో కనిపించింది.

టామోక్సిఫెన్ వల్లే లావవుతున్నామని అందరూ అంటున్నారు.

నేనూ అలాగే అనుకున్నాను. క్యాన్సర్ లేని, వచ్చే అవకాశం ఎక్కువున్న ఆడవాళ్లలో సగం మందికి టామోక్సిఫెన్, సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి ఏళ్ల తరబడి చూసిన ట్రయల్స్‌లో రెండు గుంపుల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కీమోలో మొదలైన బరువు, నడివయసు బరువు, మానేసిన నడక అన్నీ కలిసి నేరం ఆ చిన్న మాత్ర మీద పడుతోంది. అయితే టామోక్సిఫెన్ వాడేవాళ్లలో ఫ్యాటీ లివర్ రావడం ఉంది, దాని కోసమైనా పొట్ట చూసుకోవాలి.

రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగాను. ఇదీ కొవ్వేనా?

కాదు, కొవ్వు అంత వేగంగా చేరదు. అది నీరు. డోసిటాక్సెల్ నీరు పట్టిస్తుంది. డాక్సోరుబిసిన్, ట్రాస్టుజుమాబ్ అనే మందులు కొందరిలో గుండెను బలహీనపరుస్తాయి. చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందా, మెట్లెక్కితే, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా చూసుకుని ఆ రోజే ఫోన్ చేయండి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. టామోక్సిఫెన్‌తో ఆ ముప్పు ఉంది. ఆపరేషన్ అయిన వైపు చేయి వాస్తే అది లింఫెడీమా కావచ్చు, దానికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి.

తూకం ఎంత తరచుగా చూసుకోవాలి?

వారానికోసారి, పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక. రోజూ చూస్తే టెన్షన్ తప్ప ఏం లేదు. ఆసుపత్రిలో మాత్రం ప్రతి కీమోకూ చెప్పులు విప్పి తూకం మీద ఎక్కండి, ఎందుకంటే చాలా కీమో మందుల మోతాదు ఎత్తు, బరువు లెక్క మీద కడతారు. నేను మొదట వెళ్లిన చోట "బరువెంతమ్మా?" అని అడిగి, నేను చెప్పిన అంకె రాసేసుకున్నారు. పాత అంకె చెప్పాను. ఇంటికొచ్చి చూసుకుంటే మూడు కిలోల తేడా. తప్పు సగం నాది కూడా.

మన దేశం వాళ్లకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23 దాటితే చాలు, అధిక బరువే. ఆడవాళ్లకు నడుం 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. దర్జీ టేపు ఇంట్లో ఉంటుందిగా.

ఏం తినాలి? అన్నం మానేయాలా?

మానక్కర్లేదు. చికిత్స నడుస్తున్నన్నాళ్లూ బరువు తగ్గాలని పట్టుబట్టకండి, పెరగకుండా నిలబెట్టుకుంటే అదే గెలుపు. కండ కరగకుండా ప్రొటీన్ కావాలి, కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు. 60 కిలోలుంటే 60 నుంచి 72 గ్రాములన్నమాట.

నా మధ్యాహ్నం కంచం చెబుతాను. ఇదివరకు అన్నం ముందు వడ్డించుకుని కూర దానికి నంజుకునేదాన్ని. ఇప్పుడు కూర ముందు: సగం కంచం ఆనపకాయో, బీరకాయో, తోటకూరో. పావు కంచంలో గట్టి పప్పు గానీ, రెండు చేపముక్కలు గానీ. మిగిలిన పావులో అన్నం, పైన గిన్నెడు పెరుగు. 100 గ్రాముల చేపలో ఇంచుమించు 20 గ్రాముల ప్రొటీన్, గుడ్డులో 6, గిన్నెడు పప్పులో 7, 8. మన ఊళ్లో చేపకు కొదవా? వంజరం ధర చూసి భయపడితే కానాగంతలు చవక, ఒంటికీ మంచివి. వేపుడు కాదు, పులుసు. ఆ పులుసులోనైనా నూనె తేలకుండా. కీమో రోజుల్లో చేప, గుడ్డు పూర్తిగా ఉడకాలి. బీచ్‌లో మూరీ (మరమరాల) మిక్చర్ కూడా తెల్ల కణాల కౌంట్ బాగుపడేదాకా ఆపండి. మూరీల వల్ల భయం లేదు, వాటిలో కలిపే పచ్చి ఉల్లిపాయలు, ఆ నీళ్లు, ఆ చేతులతోనే.

పొద్దున్న చోడి (రాగి) అంబలి మజ్జిగ కలిపి తాగండి. 100 గ్రాముల చోడిపిండిలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. లెట్రోజోల్ లాంటివి ఎముకలను పలచబరుస్తాయి కాబట్టి వాళ్లకు మరీ మేలు. చోడి కూడా పిండిపదార్థమే, చెంబెడు తాగితే షుగర్ పెరుగుతుంది, గ్లాసు చాలు. స్టెరాయిడ్ ఆకలి రోజులకు ముందురోజే ఉడికించిన శనగల గుగ్గిళ్లు, గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టండి. కారప్పూస డబ్బా అటక మీదికి పంపండి.

చుట్టాలు బలమని తెచ్చి పెట్టేవి ఎలా కాదనాలి?

ఇదే అసలు కష్టం. మా అత్తగారు అనకాపల్లి నుంచి వస్తూ డబ్బాడు సున్నుండలు, దానిమ్మకాయలు, హార్లిక్స్ సీసా తెచ్చారు. "రక్తం పడుతుందమ్మా, జ్యూస్ తాగు" అని పూటకో గ్లాసు. గ్లాసు జ్యూస్‌కు రెండు మూడు కాయలు పోతాయి, పీచంతా చెత్తబుట్టలోకి, చక్కెరంతా మనలోకి. హిమోగ్లోబిన్ దానితో పెరగదు. ఆవిడను నొప్పించలేక నెల తాగాను. తర్వాత ఒకరోజు, "అత్తయ్యా, డాక్టరుగారు కాయగానే తినమన్నారు, మీరు గింజలొలిచి ఇవ్వండి" అన్నాను. ఆవిడకు పని దొరికింది, నాకు పీచు దొరికింది. ప్రేమను కాదనకుండా దాని రూపం మార్చాలి. సున్నుండలు మాత్రం పక్కింటి పిల్లలు తిన్నారు.

నీరసంగా ఉంటే నడవడం ఎలా? చేయి ఆపరేషనైంది, బరువులెత్తొచ్చా?

కీమో నీరసం పడుకుంటే తగ్గే రకం కాదు. కాస్త కదిలితేనే తగ్గుతుంది. వారానికి 150 నిమిషాలు, రెండు రోజులు కండరాలకు వ్యాయామం అనేది గమ్యం. మొదటిరోజే చేరాలని ఎవరూ అనలేదు. ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు, ఆ వేళలో నడవండి. ఎండ ఎక్కితే రేడియేషన్ పెట్టిన చర్మానికి మంచిది కాదు. మొదట్లో కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా కూడా వెళ్లలేకపోయాను, దారిలో గట్టు మీద రెండుసార్లు కూర్చున్నాను. నడిచే వాళ్లెవరూ మన స్కార్ఫ్ వైపు చూడరు, వాళ్ల అడుగుల లెక్క వాళ్లది.

చేయి సంగతి. "జీవితాంతం ఆ చేత్తో బకెట్ ఎత్తొద్దు" అనే మాట పాతది. లింఫెడీమా ఉన్నవాళ్లతోనే మెల్లగా పెంచుతూ బరువులెత్తించి చూస్తే వాపు పెరగలేదని 2009లో వెలువడిన అమెరికా ట్రయల్ చూపింది. కుట్లు మానాక, ఫిజియోథెరపిస్టు చూపించాక, అరలీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టండి. కుర్చీలోంచి చేతులు ఆనకుండా పదిసార్లు లేచి కూర్చోవడం కూడా వ్యాయామమే.

వారానికో ఇంజెక్షన్‌తో బరువు తగ్గిస్తున్నారట. తీసుకోవచ్చా?

కీమో నడుస్తుండగా సొంతంగా మొదలుపెట్టకండి. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇప్పుడు మన దేశంలోనే దొరుకుతున్నాయి. వాటితో వికారం ఉంటుంది, కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, మనకు అసలే పోతున్నది కండే. చికిత్స అయ్యాక క్యాన్సర్ డాక్టరు, షుగర్ డాక్టరు ఇద్దరూ ఒప్పుకుంటే అప్పుడు. ఫోన్లో యాడ్ చూసి మాత్రం వద్దు.

తర్వాతి ఓపీకి ఏం రాసుకుని వెళ్లాలి?

చిన్న నోట్‌బుక్‌లో రోజుకొక వరుస చాలు. నాది ఇలా ఉండేది: "మంగళవారం. కీమో అయి 9వ రోజు. రాత్రి 4 ఆవిర్లు, 2 సార్లు బట్టలు. టెంపరేచర్ 98.4. నిద్ర 4 గంటలు. బరువు 61.2. నడక 15 నిమిషాలు. విరేచనం లేదు." కింద వేరే డాక్టర్లు ఇచ్చిన మందులన్నీ, ఆయుర్వేదంతో సహా. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అయినా, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అయినా, ప్రైవేటు అయినా డాక్టరుకు మీతో గడపడానికి ఐదు నిమిషాలే ఉంటాయి. ఆ పేజీ ఆయన చేతిలో పెడితే ఐదు నిమిషాలు సరిపోతాయి.

అన్నీ చెప్పారు. ఆవకాయ?

రాత్రి వద్దు, ఆవిర్లు లేస్తాయి. కీమోకు నోరు పూసినప్పుడు అసలే వద్దు. మధ్యాహ్నం పెరుగన్నంలోకి ఒక ముక్క, నూనె వంచేసి. నేను మానలేదు.